ఫోర్ హైబ్రిడ్ కొడితే బంతి ఎడమకే పోతోంది, లేదంటే నేలమీద దొర్లుతోంది. తప్పెక్కడ?

మామిడితోట | ఆదివారం, రాత్రి 9.20

అందరికీ నమస్కారం. నాది చిత్తూరు పక్కన బంగారుపాళెం. బెంగళూరులో ఉద్యోగం చేసే రోజుల్లో గోల్ఫ్ అంటుకుంది. ఉద్యోగం వదిలేసి తోట చూసుకుంటున్నా ఆ జబ్బు మాత్రం వదల్లేదు. రెండు తోతాపురి చెట్ల మధ్య షేడ్‌నెట్ రెండు మడతలు కట్టి, వెనక పాత బొంత వేలాడదీసి, కింద మ్యాట్ వేసుకుని రోజూ సాయంత్రం ఓ యాభై బంతులు కొడతాను. నెలకో రెండు నెలలకో కోలార్ వైపు కోర్సుకు వెళ్తాను. అంతే నా గోల్ఫ్.

సమస్యేమిటంటే, నా ఫోర్ ఐరన్, ఫైవ్ ఐరన్ (దూరం కొట్టే పలచటి తల క్లబ్బులు) ఎప్పుడూ సరిగా లేవవు. పది కొడితే రెండు బాగుంటాయి. అందుకని పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోర్ హైబ్రిడ్ (ఐరన్‌కూ వుడ్‌కూ మధ్య రకం క్లబ్) కొన్నాను. లాఫ్ట్, అంటే బంతికి తగిలే మొహం వెనక్కి వాలిన కోణం, 22 డిగ్రీలు, గ్రాఫైట్ షాఫ్ట్ (కాడ), రెగ్యులర్ ఫ్లెక్స్ (మామూలు వంపు). అమ్మినాయన "సార్, ఇది తనంతట తానే లేపేస్తుంది" అన్నాడు. లేపడం మాట అటుంచండి. సగం బంతులు నెత్తిన తగిలి మోకాలెత్తులో పోతున్నాయి. మిగతా సగం ఎడమకు వంకర తిరిగి పక్క రైతు తోటలోకి పోయే రకం. వల ఉండబట్టి సరిపోయింది.

సెవన్ ఐరన్ 140 గజాలు, ఫైవ్ ఐరన్ తగిలితే 160. కుడిచేతి వాటం. బంతిని ఎడమ మడమకు ఎదురుగా పెడుతున్నాను, ఫెయిర్‌వే వుడ్‌కు (ఫెయిర్‌వే, అంటే కత్తిరించిన గడ్డి మీద నుంచి దూరం కొట్టే లావు తల క్లబ్) పెట్టినట్టే. తప్పు క్లబ్‌లో ఉందా నాలో ఉందా?

కుప్పం_కుర్రోడు | ఆదివారం, రాత్రి 9.31

అన్నా, క్లబ్‌లో తప్పుంటే నాకు సగం ధరకు ఇచ్చెయ్. నేను సర్దుకుంటా.

శేషాచలం_స్లైస్ | ఆదివారం, రాత్రి 9.58

నా ఐడీలో స్లైస్ (బంతి కుడికి వంకర పోవడం) చూసి నవ్వుకోవద్దు, నాకు ఎడమ సమస్య ఎప్పుడూ లేదు, అంతా కుడే. అయినా చెప్తాను. హైబ్రిడ్ అంటే చిన్న వుడ్. తలకాయ చూడండి, వుడ్ లాగే ఉంటుంది. కాబట్టి బంతి ముందుకే ఉండాలి, చీపురుతో ఊడ్చినట్టు అడ్డంగా తోసెయ్యాలి. మీరు బంతి పెట్టే చోటు కరెక్టే. స్వింగ్ నెమ్మదిగా తీయండి, అదే దారికొస్తుంది.

పాత_కేడీ | సోమవారం, ఉదయం 6.05

శేషాచలం తమ్ముడూ, కోపం తెచ్చుకోవద్దు, నువ్వు చెప్పింది సరిగ్గా తిరగబడింది. చూడ్డానికి వుడ్, కొట్టడానికి ఐరన్. ఈ ఒక్క ముక్క దగ్గరే అందరూ పడిపోతారు.

నేను చెన్నైలో పదకొండేళ్లు గోల్ఫ్ ఆడే దొరల బ్యాగులు మోశాను, ఇప్పుడు తిరుపతిలో టిఫిన్ సెంటర్. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి ఇది రాస్తున్నా. హైబ్రిడ్లు కొత్తగా వచ్చినప్పుడు వాటిని రెస్క్యూ అనేవాళ్లు. ఒక కంపెనీ పెట్టిన పేరు అది, కొందరు ఇప్పటికీ అదే అంటారు. అప్పుడు మా దొరలందరూ చేసిన తప్పే మామిడితోట సామి చేస్తున్నాడు. తల గుండ్రంగా కనపడగానే బంతిని ఎడమ మడమ దగ్గరికి తోసేసి, కుడి భుజం దించి, కింద నుంచి చెంచాతో తీసినట్టు లేపబోవడం. అప్పుడు క్లబ్ ముందు నేలను తాకుతుంది, లేదా పైకి లేస్తూ బంతి నెత్తిన కొడుతుంది. మోకాలెత్తు బంతి అక్కడి నుంచే పుడుతుంది.

చిన్నప్పుడు బిళ్లంగోడు ఆడావు కదా సామీ? నేల మీద ఉన్న బిళ్లను పైకి లేపాలంటే ఏం చేస్తావు? కర్రతో కింద నుంచి తోడతావా? లేదు. బిళ్ల కొస మీద కిందికి ఒక దెబ్బ వేస్తావు, అదే ఎగిరి వస్తుంది. ఇదీ అంతే. క్లబ్ ఇంకా కొంచెం కిందికి దిగుతుండగానే బంతిని కలవాలి. ఎగరేసే పని 22 డిగ్రీల లాఫ్ట్‌ది. నీది కాదు.

నిలబడేది ఇలా:

పాదాలు భుజాలంత వెడల్పు. డ్రైవర్‌కు (అన్నిటికంటే పొడుగు క్లబ్) నిలబడినంత వెడల్పు వద్దు. బంతి పాదాల నడిమధ్య నుంచి ఒక బంతి, మహా అయితే రెండు బంతులంత ఎడమకు. ఎడమ మడమ గీత నుంచి కొలిస్తే ఓ రెండంగుళాలు లోపలికి. బరువు రెండు కాళ్ల మీద సమానంగా, కావాలంటే ఎడమకు పిసరంత ఎక్కువ. చేతులు బంతికి రవ్వంత ముందు, అంటే లక్ష్యం వైపు. షాఫ్ట్ నీ ఎడమ తుంటి లోపలి వైపు చూడాలి, అంతకంటే ముందుకు వంచితే లాఫ్ట్ అంతా చంపేసినట్టే. భుజాలు రెండూ దాదాపు ఒకే మట్టం. కుడి భుజం కిందికి వాల్చకు, అది డ్రైవర్ అలవాటు.

మిగతాది మధ్యాహ్నం. గిరాకీ వచ్చేసింది.

మూడో_ఐరన్ | సోమవారం, ఉదయం 10.40

నేను చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉంటాను, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. నా బ్యాగ్‌లో ఇప్పటికీ త్రీ ఐరన్ ఉంది, ఈ జన్మకు అదే ఉంటుంది. ఈ హైబ్రిడ్ల గొడవంతా చేతకాని తనానికి ఇచ్చిన మందు. లాంగ్ ఐరన్ కొట్టడం నేర్చుకోకుండా తలకాయ లావు చేస్తే ఆట వస్తుందా? కొట్టేవాడు కొట్టాలి గానీ క్లబ్ కొట్టదు.

ఎర్రటీ | సోమవారం, ఉదయం 11.15

మూడో ఐరన్ సార్, 2009లో పీజీఏ ఛాంపియన్‌షిప్ ఆఖరి రోజు వై.ఇ. యాంగ్ ఏం కొట్టాడో గుర్తుందా? హేజెల్టీన్‌లో పద్దెనిమిదో హోల్, టైగర్ వుడ్స్ కంటే ఒక్క స్ట్రోక్ ముందున్నాడు. గ్రీన్‌కు (జెండా ఉండే నున్నటి పచ్చికకు) 206 గజాలు. త్రీ హైబ్రిడ్ తీసి చెట్టు, బంకర్ దాటించి జెండాకు పది పన్నెండు అడుగుల్లో ఆపాడు. బర్డీ (హోల్‌కు లెక్కగట్టిన దెబ్బల కంటే ఒకటి తక్కువ) చేసి మూడు స్ట్రోక్‌ల తేడాతో గెలిచాడు. అప్పటిదాకా మేజర్లలో (ఏడాదికి నాలుగే జరిగే పెద్ద పోటీల్లో) ఆఖరి రౌండ్ ముందు ఆధిక్యంలో ఉండి టైగర్ ఓడిందే లేదు. ఆసియాలో పుట్టిన మగవాళ్లలో మేజర్ గెలిచిన మొదటి మనిషి యాంగ్. అది చేతకాని తనమైతే నాకూ కాస్త కావాలి సార్.

మామిడితోట అన్నా, ఇక నా అనుభవం. తిరుచానూరు మాది. నెలకు రెండుసార్లు చెన్నై వెళ్లి ఆడతాను. నా స్వింగ్ వేగం తక్కువ. అందుకే ఫోర్, ఫైవ్, సిక్స్ ఐరన్లు మూడూ తీసేసి వాటి చోట హైబ్రిడ్లు పెట్టుకున్నాను. ఎందుకంటే ఐరన్‌లో లోహమంతా మొహం వెనకే పలచగా నిలబడి ఉంటుంది. హైబ్రిడ్ లోపల బోలు, బరువుని అడుక్కి, వెనక్కి జరపొచ్చు. బరువు అడుగున ఉంటే బంతి సులువుగా లేస్తుంది, ఎత్తు నుంచి దిగుతుంది కాబట్టి గ్రీన్ మీద ఆగుతుంది. నాలా మెల్లగా కొట్టేవాళ్లకు అదే పెద్ద వరం.

కొనేముందు నంబర్ చూసి మోసపోవద్దు. ఇప్పటి ఐరన్ల లాఫ్ట్ బాగా తగ్గించేశారు. ఒకప్పుడు సెవన్ ఐరన్ 34, 35 డిగ్రీలుండేది, ఇప్పుడు చాలా సెట్లలో 30కి అటూఇటూ. మీ ఫోర్ హైబ్రిడ్ 22 అంటున్నారు, మీ ఫైవ్ ఐరన్ ఎంతో చూసుకోండి. రెండిటికీ మూడు నాలుగు డిగ్రీల తేడా ఉంటే బాగుంటుంది. లేకపోతే రెండూ ఒకే దూరం పోయి బ్యాగ్‌లో ఒక చోటు దండగ. బ్యాగ్‌లో పద్నాలుగు క్లబ్బులకు మించకూడదన్న లెక్క ఎటూ ఉండనే ఉంది.

ఇంకొకటి, మీ ఎడమ గోల గురించి. క్లబ్ నేల మీద పెట్టాక పైనుంచి ఏ గీత చూసి గురి పెడుతున్నారు? తలకాయ నల్లటి పైభాగం అంచు చూస్తున్నారా, మొహం అడుగు అంచు చూస్తున్నారా?

మామిడితోట | సోమవారం, రాత్రి 8.45

అక్కా, నల్లటి పైభాగమే చూస్తున్నా. ఇంకేం చూడాలి?

కేడీ అన్నా, మీరు చెప్పినట్టు బంతి వెనక్కి తెచ్చి ఇవాళ ముప్పై కొట్టాను. నెత్తిన తగలడం బాగా తగ్గింది. సంతోషంగా మ్యాట్ మడిచి, చెట్ల కింద ఉత్త నేల మీద పెట్టి ఐదు కొట్టాను. నాలుగు సార్లు ముందు మట్టి లేచింది, తర్వాత బంతి కదిలింది. ఒకదానికైతే బంతి కంటే మట్టిగడ్డే దూరం పోయింది. మ్యాట్ మీద బాగున్నది మట్టి మీద ఎందుకు లేదు?

పాత_కేడీ | సోమవారం, రాత్రి 10.10

మ్యాట్ అబద్ధాలకోరు సామీ. హైబ్రిడ్ అడుగు భాగం వెడల్పు. బంతికి రెండంగుళాల వెనక మ్యాట్‌ను తాకినా జారి వచ్చి బంతిని కొట్టేస్తుంది, చప్పుడు కూడా బాగానే ఉంటుంది. నువ్వు "అబ్బ" అనుకుంటావు. కోర్సులో గడ్డి నిజం చెప్తుంది.

ఇంట్లో ముగ్గుపిండి ఉంటుంది కదా. రేపు ఉత్త నేల కొంచెం తడిపి, గట్టిపడ్డాక ముగ్గుపిండితో రెండు పాదాల మధ్యకు వచ్చేట్టు ఒక నిలువు గీత గియ్యి, మూరెడు పొడవు. బంతి పెట్టేది ఆ గీత మీదే అనుకో. బంతి లేకుండా పది సార్లు తిప్పు, ఒక్కో తిప్పుకూ గీత వెంట అంగుళాలు ముందుకు జరుగుతూ పో. క్లబ్ ముద్ర గీత మీద మొదలై ఎడమ వైపు సాగాలి. గీతకు కుడి వైపు మొదలైతే నీ స్వింగ్ అడుగు ఇంకా బంతికి వెనకే ఉందని అర్థం.

పెద్ద గుంత పెట్టాలని లేదు. ఐరన్ లాగా పచ్చిక చెక్క ఊడక్కర్లేదు. గడ్డి గీరుకుపోయినట్టు సన్నగా ముద్ర పడితే చాలు. కిందికి కొట్టమన్నానని గొడ్డలి వేటు వేసేవు, అది ఇంకో రోగం.

శేషాచలం_స్లైస్ | సోమవారం, రాత్రి 10.22

కేడీ అన్నా, నేను నిన్న రాత్రి ఊడవమన్నాను, మీరు కిందికి కొట్టమన్నారు, ఇప్పుడు గీరమంటున్నారు. ఈ మూడిట్లో ఏది?

పాత_కేడీ | సోమవారం, రాత్రి 10.30

డ్రైవర్ పైకి వెళ్తూ. ఫెయిర్‌వే వుడ్ దాదాపు మట్టంగా. సెవన్ ఐరన్ కిందికి. హైబ్రిడ్ ఆ రెండిటి మధ్య, కానీ ఐరన్ పక్కనే కూర్చుంటుంది. నీ చీపురు వుడ్‌కు పనికొస్తుంది తమ్ముడూ, పారెయ్యకు.

ఎర్రటీ | మంగళవారం, ఉదయం 7.02

అన్నా, నల్లటి పైభాగం అంచు చూస్తే చాలా హైబ్రిడ్లలో మనకు తెలియకుండానే మొహం ఎడమకు మూసేస్తాం. మొహం అడుగు అంచు, అంటే నేలను ఆనుకున్న మొదటి గీత, లక్ష్యానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. గురి చూసేది అదే. నాకు ఇది తెలిసేసరికి ఆరు నెలలు పట్టింది, చెన్నైలో కోచ్ ఒక్క నిమిషంలో చూపించాడు. ఇంకా ముందు, గ్రిప్ పట్టుకున్నాక మొహం సరిచేయకూడదు. మొహం లక్ష్యానికి ఎదురుగా పెట్టి, తర్వాత చేతులు పెట్టాలి. వరుస తిరగేస్తే ఏం లాభం లేదు.

కుప్పం_కుర్రోడు | మంగళవారం, ఉదయం 9.15

నా హైబ్రిడ్‌కు తలకాయ తిప్పి లాఫ్ట్ మార్చే స్క్రూ ఉంది. లాఫ్ట్ పెంచితే ఎత్తు పోతుందని రెండు డిగ్రీలు పెంచాను. ఎడమకు పోవడం మొదలైంది. లాఫ్ట్ పెంచితే మొహం కూడా కొంచెం మూసుకుంటుందని అప్పుడు తెలిసింది. తగ్గిస్తే తెరుచుకుంటుంది. మామిడితోట అన్నా, మీ దానికి స్క్రూ ఉంటే ముందు ఎవడైనా తిప్పి వదిలేశాడేమో చూసుకోండి. సెకండ్ హ్యాండ్ కదా.

మామిడితోట | మంగళవారం, రాత్రి 9.05

స్క్రూ లేదు తమ్ముడూ, అతికించిన తలకాయే.

ముగ్గు గీత కథ వినండి. మా ఆవిడ వాకిట్లో ముగ్గు పూర్తి చేసి పిండి డబ్బా కోసం చూస్తే డబ్బా తోటలో నా దగ్గర ఉంది. "ఇప్పుడు గోల్ఫ్‌కు కూడా ముగ్గు పెట్టాలా" అంది. సరే. పది తిప్పుల్లో ఏడు గీతకు కుడి వైపే మొదలయ్యాయి, కొన్ని బెత్తెడు దూరంలో. అంటే బంతి స్థానం మార్చినా నా బరువు కుడి కాలు మీదే ఉండిపోతోంది. కొట్టాక ఫోటో తీయించుకుని చూస్తే కుడి మడమ నేలకు అతుక్కుని ఉంది.

అప్పుడు ఒకటి చేశాను. వెనక్కి తీసుకెళ్లాక కిందికి వచ్చే ముందు ఎడమ మడమతో నేల నొక్కడం. ఎవరూ చెప్పలేదు, సైకిల్ పెడల్ నొక్కినట్టు అనిపించింది. రెండో పదిలో ఆరు గీత మీదే మొదలయ్యాయి. ముద్రలు కూడా సన్నగా, నఖం గీరినట్టు.

కానీ బంతి పెట్టి కొడితే నెత్తిన తగలడం పోయింది గానీ ఎడమకు తిరగడం పోలేదు. అడుగు అంచు చూసి గురి పెట్టాను అక్కా. అయినా సగం ఎడమకే.

శేషాచలం_స్లైస్ | మంగళవారం, రాత్రి 9.40

మొహం మీద బంతి ఎక్కడ తగులుతోందో చూశారా? ఒంటికి రాసుకునే పౌడర్ మొహం మీద పలచగా పూసి కొట్టండి. వైట్‌బోర్డ్ మార్కర్‌తో రుద్దినా సరే. ముద్ర తేలిగ్గా కనిపిస్తుంది. ముద్ర చూడకుండా సలహాలివ్వడం మంచిది కాదని మొన్నటి చీపురు తర్వాత తెలిసింది.

మామిడితోట | బుధవారం, సాయంత్రం 6.50

పౌడర్ పూసి పన్నెండు కొట్టాను. పదకొండు ముద్రలు మొహం చివర, ముక్కు వైపు, అంటే షాఫ్ట్‌కు దూరంగా ఉండే కొస. ఒకటి మాత్రం నడిమధ్య, అది తిన్నగా పోయింది.

పాత_కేడీ | బుధవారం, రాత్రి 7.30

దొరికింది. ఇంకో ప్రశ్న. క్లబ్ నేల మీద పెట్టినప్పుడు ముక్కు కింద ఎంత సందు ఉంది? ఒక రూపాయి బిళ్ల దూరుతుందా, చిటికెన వేలు దూరుతుందా?

మామిడితోట | బుధవారం, రాత్రి 7.52

వేలు సులువుగా దూరుతోంది.

పాత_కేడీ | బుధవారం, రాత్రి 8.20

నువ్వు బంతికి దూరంగా నిలబడుతున్నావు సామీ. హైబ్రిడ్ షాఫ్ట్ అదే నంబర్ ఐరన్ కంటే అంగుళం, అంగుళంన్నర పొడుగు. ఆ పొడుగు చూసి ఫెయిర్‌వే వుడ్‌కు నిలబడినంత దూరం పోయావు. ఫెయిర్‌వే వుడ్ ఇంకా రెండంగుళాలు పొడుగు, దాని లెక్క వేరు. దూరంగా నిలబడితే చేతులు కిందికి వాలిపోతాయి, క్లబ్ మడమ (షాఫ్ట్ వైపు మూల) నేలకు ఆని ముక్కు గాల్లోకి లేస్తుంది. ముక్కు లేచిన క్లబ్ మొహం ఎడమకు చూస్తుంది. లాఫ్ట్ ఎంత ఎక్కువైతే అంత ఎడమకు. దానికి తోడు ముక్కు వైపు తగిలిన బంతికి ఎడమకు తిరిగే స్పిన్ పడుతుంది. రెండు రోగాలు, మందు ఒకటే. దగ్గరికి జరుగు.

ఎంత దగ్గరికంటే, నడుము దగ్గర వంగి చేతులు వదిలెయ్. భుజాల కింద నిట్టనిలువుగా వేలాడతాయి. అవి ఎక్కడ వేలాడతాయో అక్కడే గ్రిప్ ఉండాలి. చేయి చాచి అందుకునే పని ఉండకూడదు. అప్పటికీ ముక్కు లేస్తే గ్రిప్ అరంగుళం కిందికి పట్టుకో. ఐదారు గజాలు పోతే పోనీ.

ఎర్రటీ | బుధవారం, రాత్రి 8.41

నేనూ హైబ్రిడ్లన్నీ అరంగుళం కిందికే పట్టుకుంటాను. ఏదో సెట్టు కొంటాం, ఆ షాఫ్ట్ పొడుగు మన ఒడ్డూ పొడుగూ చూసి పెట్టింది కాదు కదా. నేను ఐదడుగుల ఒక అంగుళం.

మూడో_ఐరన్ | గురువారం, ఉదయం 11.00

ఈ దారాన్ని, అంటే ఈ చర్చని, నాలుగు రోజులుగా చదువుతున్నాను. కేడీ గారు చెప్పింది ప్రతిదీ లాంగ్ ఐరన్‌కు కూడా వర్తిస్తుంది. చేతులు వేలాడదీయడం, బరువు ఎడమకు, ముద్ర బంతి తర్వాత. అది కదా నేను మొదటి నుంచి అంటున్నది?

పాత_కేడీ | గురువారం, ఉదయం 11.45

మేనేజర్ సార్, మీరు కరెక్టే. కానీ రఫ్‌లో (కత్తిరించని పొడుగు గడ్డిలో) పడినప్పుడు మాట వేరు. లాంగ్ ఐరన్ మొహం సన్నగా కత్తిలా ఉంటుంది, మెడ దగ్గర గడ్డి చుట్టుకుని మొహం మూసేస్తుంది. హైబ్రిడ్ వెడల్పు అడుగు గడ్డిని అటూఇటూ తోసి జారిపోతుంది. చీలమండ మునిగే గడ్డిలో మాత్రం రెండూ పనికిరావు. అక్కడ వెడ్జ్ (బంతిని బాగా ఎత్తుకు లేపే పొట్టి క్లబ్) తీసి ఫెయిర్‌వేలోకి తోసుకుని నోరు మూసుకోవడమే. నా బ్యాగ్ దొరలకు ఇది చెప్తే టిప్ కట్. చెప్పకపోతే స్కోర్ కట్.

కుప్పం_కుర్రోడు | గురువారం, మధ్యాహ్నం 1.20

గ్రీన్ పక్కన హైబ్రిడ్‌తో చిప్ (చిన్న దెబ్బ) చేస్తారా ఎవరైనా? కుప్పం నుంచి కేజీఎఫ్ (కోలార్ బంగారు గనులు) దగ్గరే కదా, గనుల కాలంలో తెల్లవాళ్లు వేసిన కోర్సు ఉంది, అక్కడికెళ్లి ఆడతాం. ఆ ఎండు నేల మీద వెడ్జ్ పెడితే నేలకు తగిలి ఎగిరి పడుతుంది. హైబ్రిడ్ చాలా కిందికి, ఇంచుమించు షాఫ్ట్ మొదలుకు పట్టుకుని, పుట్టర్ లాగా ఆడిస్తే బంతి చిన్న గెంతు గెంతి దొర్లుకుంటూ పోతుంది. మణికట్టు కదలకూడదు.

2004 బ్రిటిష్ ఓపెన్‌లో టాడ్ హామిల్టన్ ఇదే చేశాడు. రాయల్ ట్రూన్‌లో ఎర్నీ ఎల్స్‌తో స్కోర్ సమమై నాలుగు హోల్స్ ప్లేఆఫ్, ఆఖరి హోల్‌లో గ్రీన్ బయట నుంచి హైబ్రిడ్‌తో నేలబారుగా దొర్లించి హోల్ పక్కన పెట్టి గెలిచాడు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

శేషాచలం_స్లైస్ | గురువారం, మధ్యాహ్నం 2.05

టీ (బంతి నిలబెట్టే చిన్న పుల్ల) మీద ఎంత ఎత్తు పెడతారు? పార్ త్రీలో, అంటే మూడు దెబ్బల లెక్క ఉన్న హోల్‌లో.

ఎర్రటీ | గురువారం, మధ్యాహ్నం 2.30

టీ దాదాపు మొత్తం భూమిలోకి. పైకి పావు అంగుళం చాలు. మంచి గడ్డి మీద బంతి కూర్చున్నట్టు ఉండాలి. ఎత్తుగా పెడితే క్లబ్ కింద నుంచి దూరి పైభాగానికి తగిలి గీతలు పడతాయి. నా ఫైవ్ హైబ్రిడ్ నెత్తిన ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

నిర్వాహకుడు | శుక్రవారం, ఉదయం 8.00

దారం బాగా నడుస్తోంది. షాఫ్ట్ బరువులు, బ్రాండ్ల కొట్లాట మాత్రం వేరే దారంలో పెట్టుకోండి. నిన్న రాత్రి అలాంటివి మూడు అటు పంపించాను.

మామిడితోట | ఆదివారం, రాత్రి 8.10

ఇవాళ ఉదయం కోర్సుకు వెళ్లొచ్చాను. తోతాపురి కోతలు నడుస్తున్నాయి, ఫ్యాక్టరీ బయట ట్రాక్టర్ల వరుస మధ్యలో వదిలేసి పోయానని ఇంట్లో మాట పడ్డాను. అయినా పోయాను.

హైబ్రిడ్ మొత్తం ఏడుసార్లు తీశాను. మూడు బాగున్నాయి, రెండు ఫర్వాలేదు, రెండు చెత్త. చెత్త రెండూ ఒకటే రకం. చివరి హోల్స్‌లో కాళ్లు అలిసి బరువు మళ్లీ కుడి కాలు మీద ఉండిపోయింది. మట్టి ముందు, బంతి తర్వాత.

ఒక్కటి మాత్రం రాయాలి. ఆరో హోల్, పార్ ఫోర్. డ్రైవ్ కుడి వైపు రఫ్ అంచున ఆగింది, బంతి సగం గడ్డిలో, సగం పైకి. గ్రీన్‌కు 170 చిల్లర. ఎడమ పక్క పొడుగునా చెరువు. పోయిన నెల సరిగ్గా ఆ చోటి నుంచే నాలుగు బంతులు ఆ నీళ్లకు సమర్పించుకున్నాను. చేతులు చెమట. షర్టుకు తుడుచుకుని, ముందు అడుగు అంచు జెండాకు ఎదురుగా పెట్టాను, తర్వాత గ్రిప్, అరంగుళం కిందికి. చేతులు వదిలి వేలాడదీసి చూస్తే నాకు తెలియకుండానే మళ్లీ దూరంగా నిలబడి ఉన్నాను. అర అడుగు లోపలికి జరిగాను. బంతి మరీ దగ్గరైపోయినట్టు, కాళ్లకు తగిలేటట్టు అనిపించింది. ముక్కు కింద సందు చూశాను, రూపాయి బిళ్లంత. బంతి మధ్య నుంచి ఒక్క బంతి ఎడమకు. చెరువు వైపు చూడలేదు. బిళ్లంగోడు అనుకున్నాను, ఎడమ మడమ నొక్కాను.

చప్పుడు వేరేగా వచ్చింది. వుడ్ టంగుమనే చప్పుడు కాదు, ఐరన్ టక్కు కాదు, గడ్డి పరపరమని, దాని వెనకే మెత్తటి దెబ్బ. తల ఎత్తేసరికి బంతి నేను ఊహించిన దానికి రెండింతలు ఎత్తులో ఉంది. జెండాకు కుడి వైపు బయల్దేరి పిసరంత ఎడమకు వచ్చి గ్రీన్ ముందు భాగంలో పడి రెండు గెంతులు వేసి ఆగింది. ఇరవై అడుగుల పుట్. మూడు పుట్లు పెట్టి బోగీ (లెక్క కంటే ఒక దెబ్బ ఎక్కువ) చేశాను, అది వేరే సంగతి.

కింద చూస్తే బంతి ఉన్నచోటికి ఎడమ పక్కన గడ్డి గీరిన సన్నటి చార. ఫోటో తీశాను, పంపుతున్నా.

పాత_కేడీ | ఆదివారం, రాత్రి 8.35

చార చూశాను. చాలు. మూడు పుట్ల సంగతి ఇంకో దారంలో మాట్లాడుకుందాం. కాళ్లు అలిసినప్పుడు స్వింగ్ ముప్పావు చెయ్యి, హైబ్రిడ్‌కు ముప్పావు చాలు.

కుప్పం_కుర్రోడు | ఆదివారం, రాత్రి 8.40

సగం ధర ఆశ పోయింది అన్నా. కంగ్రాట్స్.

మూడో_ఐరన్ | ఆదివారం, రాత్రి 9.55

మామిడితోట గారూ, మీది బంగారుపాళెం అన్నారు, చిత్తూరు నుంచి పెద్ద దూరం కాదు. వచ్చే శనివారం సాయంత్రం మీ వల దగ్గరికి రావచ్చా? నా త్రీ ఐరన్ తెస్తాను. మీ హైబ్రిడ్ ఊరికే ఒక పది బంతులు కొట్టి చూస్తాను, అంతే. ఇక్కడెవరూ దీన్ని పెద్దది చేయొద్దు.

ఎర్రటీ | ఆదివారం, రాత్రి 10.01

సార్, పౌడర్ డబ్బా మర్చిపోవద్దు.

మామిడితోట | ఆదివారం, రాత్రి 10.12

రండి సార్, ఐదింటికి రండి, ఎండ తగ్గుతుంది. కొత్త ముగ్గుపిండి పొట్లం తెచ్చి పెడతాను. పాతది ఆవిడ దాచేసింది.